మాదిరి ఫ్లాటులో ఆదివారాలు

లిఫ్టు మెకానిక్కుకి ఓవర్‌టైము ఆగిపోయిన నెల నుంచే ఆ దంపతులకు వినోదం మీద విపరీతమైన ఆసక్తి పుట్టింది. చేతిలో డబ్బు ఆడినన్నాళ్ళూ ఆదివారం కడుపునిండా తిని పడుకునేవారు. సినిమాకి వెళ్ళే స్తోమత లేదని తేలాకే, ఇంట్లో కూర్చుంటే ఊపిరాడనట్టు అనిపించసాగింది.

మొదట పార్కుకి వెళ్ళారు. అక్కడి బెంచీలన్నీ ఆరోగ్యం కోసం నడవడానికి వచ్చినవాళ్ళు ఆక్రమించుకుని కూర్చున్నారు. తర్వాత లైబ్రరీ. ఒకే పేపరుని ఆరుగురు విడదీసి పంచుకోగా వీళ్ళ వంతుకి టెండరు ప్రకటనలు దక్కాయి. బట్టల షాపులో చల్లగాలి బాగానే ఉంది గానీ, 'ఊరికే చూస్తున్నాం' అనగానే షాపువాళ్ళ మొహాలు మాడిపోయాయి. చివరికి మెకానిక్కుకే బుర్ర వెలిగింది. ఊరి చివర కడుతున్న అపార్టుమెంటు నాలుగో అంతస్తులో, కొనేవాళ్ళకి చూపించడానికి ఒక మాదిరి ఫ్లాటు అలంకరించి పెట్టారు. ఏసీ ఉంది, మెత్తటి సోఫా ఉంది, 'రండి సార్, కూర్చోండి' అనే అమ్మకాల అమ్మాయి కూడా ఉంది. ఇంత మర్యాద అతనికి అత్తవారింట్లో కూడా జరగలేదు.

కాకపోతే ఒక ఫారం నింపాలి. వృత్తి అన్నచోట ఉన్నది ఉన్నట్టు రాస్తే సోఫా దాకా రానిస్తారో లేదోనని అతను 'ఇంజనీరు' అని రాశాడు. భార్య పక్కనుంచి చదివింది. జుట్టు సర్దుకుంది.

ఆ ఫ్లాటు ఇల్లు కాదు, ఇంటి వేషం. గిన్నెలో పళ్ళు ప్లాస్టిక్కువి, గోడమీద టీవీ అట్టముక్క, అలమారలో పుస్తకాలకి అట్టలే తప్ప కాగితాల్లేవు. గది పెద్దగా కనిపించాలని మంచాన్ని కూడా పొట్టిగా చేయించారు. మెకానిక్కు దానిమీద పడుకుంటే కాళ్ళు పక్క ఫ్లాటులో పెట్టుకోవలసిందే. అయినా భార్యకి అదంటే ప్రాణం. వారమంతా ఒంటిగదిలో స్టవ్వుకీ మంచానికీ మధ్య పక్కకి తిరిగి నడిచే మనిషి, అక్కడ చేతులు బార్లా చాపి తిరిగేది.

"ఏవండీ, ఈ కర్టెన్లు మార్పించాలి. మరీ ముదురు రంగు," అనేది.

"చూద్దాం," అనేవాడు అతను, ఇంజనీరు గొంతుతో.

వారానికి ఆ ఒక్క గంట ఆమె సొంతిల్లున్న మనిషి. ఆ గంట పోకుండా ఉండటానికి అతను ఎన్ని అబద్ధాలకైనా సిద్ధం. అందుకే లిఫ్టు కూడా ఎక్కేవాడు కాదు. అది మూడో అంతస్తు దాటగానే మూలుగుతుంది. ఆ మూలుగు వింటే తన నోరు ఊరుకోదని అతనికి తెలుసు. భార్యని లిఫ్టులో పంపి, వ్యాయామం పేరు చెప్పి మెట్లెక్కేవాడు.

ఆరో ఆదివారం, కారు దిగి వచ్చిన ఒక పెద్దావిడ కూడా ఆమెతోపాటు లిఫ్టెక్కింది. మెకానిక్కు రొప్పుతూ నాలుగో అంతస్తు చేరాడు. లిఫ్టు చేరలేదు. మూడుకీ నాలుగుకీ మధ్య ఆగిపోయింది.

అమ్మకాల అమ్మాయి లిఫ్టు కంపెనీకి ఫోన్ చేసింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. "గంటన్నర పడుతుందట సార్. ఏం చెయ్యమంటారు? మీరు ఇంజనీరు కదా."

అతని చెయ్యి జేబులోకి పోయింది. లిఫ్టు తలుపులు బయటినుంచి తీసే మూడు మూలల తాళంచెవి ఎప్పుడూ అక్కడే ఉంటుంది. అది బయటికి తీస్తే ఇంజనీరు పోతాడు, సోఫా పోతుంది, ఆ కారు పెద్దావిడ ముందు భార్యకి తల కొట్టేసినట్టవుతుంది. "కంపెనీవాళ్ళు వస్తారుగా," అన్నాడు. అన్న మరుక్షణమే తనమీద తనకే అసహ్యం వేసింది.

లిఫ్టు లోపల దీపం ఆరినట్టుంది. "నాకు ఊపిరాడటం లేదమ్మా," అంటోంది పెద్దావిడ.

"భయపడకండి పిన్నిగారూ," అంది అతని భార్య గొంతు. "నా చెయ్యి పట్టుకోండి. పైన మావారున్నారు. ఆయన లిఫ్టు మెకానిక్కే. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని. ఇప్పుడే దించేస్తారు." తర్వాత గొంతు పెంచింది. "ఏవండీ, వినబడుతోందా? షర్టు పాడవుతుందని చూస్తున్నారేమో, ఉతికేది నేనేగా. కానివ్వండి."

అమ్మకాల అమ్మాయి అతని వంక చూసింది. అతను ఆమె వంక చూడకుండా మేడమీది మోటారు గదికి పరిగెత్తాడు. కరెంటు ఆపి, బ్రేకు వదులు చేసి, చేత్తో చక్రం తిప్పుతూ లిఫ్టుని అంగుళం అంగుళంగా మూడో అంతస్తుకి దించాడు. కిందికి వచ్చి తాళంచెవితో తలుపు తీశాడు. షర్టు చేతులు మోచేతుల దాకా నల్లబడ్డాయి.

పెద్దావిడ చెమటలు కక్కుతూ బయటికొచ్చి అమ్మకాల అమ్మాయి వేసిన కుర్చీలో కూలబడింది. భార్య చెయ్యి ఇంకా వదల్లేదు. "నీ రుణం తీర్చుకోలేనమ్మా. మీరు ఏ ఫ్లాటు తీసుకుంటున్నారు?"

"మేమా? కొనేంత లేదు పిన్నిగారూ. ఆదివారం ఎక్కడికెళ్ళినా ఖర్చేగా, అందుకని ఊరికే చూడ్డానికొస్తాం," అంది ఆమె, టైమెంతయిందో చెప్పినంత మామూలుగా.

ఆ మాటల్లో సిగ్గు ఎక్కడైనా ఉందేమోనని మెకానిక్కు వెతికాడు. దొరకలేదు. ఆరు వారాలుగా తను కాపాడుతున్నది ఆమె పరువు కాదని, తన పరువేనని అప్పటికి గాని అతనికి తలకెక్కలేదు. కళ్ళు చెమర్చాయి. చేతులకి గ్రీజు ఉండబట్టి తుడుచుకోలేదు.

అమ్మకాల అమ్మాయి ట్రేలో నిమ్మరసం తెచ్చింది. పెద్దావిడకి ఒక గ్లాసు ఇచ్చి, ఈ ఇద్దరి ముందుకొచ్చి, ఇవ్వాలో వద్దో తెలియక నిలబడిపోయింది. భార్యే చొరవగా రెండు గ్లాసులు తీసుకుని, ఒకటి అతని నల్లటి చేతిలో పెట్టింది.

"దర్జాగా తాగండి," అంది. "ఇవాళ పని చేసి తాగుతున్నాం."