బాల్కనీలో పోపు

అయితే పోపు పొగ కాదన్నమాట. కరోల్ బాగ్‌లో మెట్రో ఎక్కిన దగ్గర్నుంచి హేమసుందర్ ఈ మాటనే తిప్పితిప్పి చూసుకుంటున్నాడు. జేబులో అలర్జీ పరీక్షల కాగితం నాలుగు మడతలు పడి ఉంది.

అందులో ఏ అలర్జీ లేదు. సైనస్ మొదలవకముందు గట్టిగా జలుబు చేసిందా అని అడిగింది డాక్టరమ్మ. చేసింది. ఐదేళ్ల కిందట డిసెంబరులో, ఆఫీసులో పక్క సీటు సుహాస్ వారమంతా తుమ్మిన తర్వాత. అలాంటి వైరస్ కొందరిలో ముక్కు లోపలి పొరను దెబ్బతీసి, తగ్గని వాపును మిగిల్చిపోతుందేమోనని అనుమానముందనీ, ఇంకా రుజువు కాలేదనీ ఆమె చెప్పింది. మరి వంటింటి పొగ? అతనే ఆశగా అడిగాడు. పొగ ఇబ్బంది పెట్టొచ్చు, జబ్బుకి అదే మూలమని మీకెవరు చెప్పారు అందామె.

ఎవరూ చెప్పలేదు. తనే చెప్పాడు.

ఆ డిసెంబరులో జ్వరంతో పడుకుని ఉండగా ఎండుమిరపకాయల ఘాటు వచ్చింది. "నీ పోపుతో నన్ను చంపేస్తావా ఇంద్రాణీ" అన్నాడు భార్యతో. మర్నాడు బాల్కనీలో చిన్న కరెంటు పొయ్యి వెలిసింది. అప్పట్నుంచి ఐదు చలికాలాలు, తాముండే ద్వారక కాలనీ పొగమంచులో శాలువా కప్పుకుని ఆమె అక్కడే పోపు పెట్టింది. ఘాటు లోపలికి రాకుండా అతను అద్దాల తలుపుకి గడియ పెట్టేవాడు. ఆమె గరిటెతో అద్దం మీద తట్టాక తీసేవాడు.

అసలు ఆ ముక్కుకి వాసన తెలియడం మానేసి రెండేళ్లయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే గడియ ఎందుకని అడుగుతారు. తన మాట తప్పని ఒప్పుకోవడం కంటే ఆమె చలిలో నిలబడటమే అతనికి తేలికనిపించింది. మెట్రో కిటికీ అద్దంలో తన ముఖం కనిపిస్తే చూపు తిప్పుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి కూతురు సాత్విక ఫోన్లోంచి తలెత్తకుండానే, "పాపా, మమ్మీ కా వర్క్ ఫ్రమ్ బాల్కనీ షురూ" అంది. అమ్మ బాల్కనీ డ్యూటీ ఎక్కిందని; అతను ఎప్పుడూ నవ్వే మాటే. ఈ రోజు నవ్వు రాలేదు.

పోపు గరిటె పట్టుకుని ఇంద్రాణి బయటికి వెళుతూ డాక్టరు ఏమందని అడిగింది. మందులు మార్చిందన్నాడు. ఆమె తలాడించి వెళ్లింది. అలవాటు కొద్దీ అతని చెయ్యి గడియ మీదికి పోయింది. ఇనుము చల్లగా తగిలింది. అద్దం అవతల ఆమె, గడియ చప్పుడు కోసం ఎదురుచూస్తున్నట్టు, వీపు తిప్పి నిలబడి ఉంది.

తలుపు జరిపాడు.

"లోపలికి రా, చలిగా ఉంది."

"ఇంకా నూనైనా కాగలేదండీ."

"లోపల కాగుతుంది."

"మరి మీ ముక్కు?"

"పోపు వల్ల కాదట. ఇంకో సంగతి. రెండేళ్లుగా దీనికి వాసనే తెలియడం లేదు."

ఆమె గరిటెలోకి చూస్తూ నిలబడింది. "తెలుసు" అంది. "పోయినేడు నేను బాల్కనీలో ఉండగా పాలు మాడితే పక్కింటి ఆంటీ వచ్చి తలుపు కొట్టింది. మీరు వంటింటి గుమ్మం పక్కనే సోఫాలో ఉన్నారు."

తెలిసీ ఎందుకు బయటికెళ్లావని అడగబోయాడు. ఆమె చేతిలోంచి గరిటె తీసుకుని, నూనె తొణక్కుండా వంటింట్లోకి నడిచి, పొయ్యి వెలిగించాడు.