ట్యాంకుకు ఎడమవైపు

"మన బండిని తీసుకున్నారు టామ్సిన్! కొత్త రంగూ మెరుగూ పడని పాత బళ్ల పోటీలోకే!" అంటూ జేగో షెడ్డులోకి పరుగెత్తుకొచ్చాడు.

టామ్సిన్ చేతిలో పాలిష్ గుడ్డ ఆగిపోయింది. పెళ్లయి నెలైనా కాలేదు. భర్తను మురిపిద్దామని, అతని తాత నడిపిన మోటార్ సైకిల్ ట్యాంకును పొద్దుటి నుంచీ పాలిష్ పెట్టి రుద్దుతోంది. తాత మోకాలు ఒరిసిన మసకంతా పోయి ఎడమవైపు అద్దంలా మెరుస్తోంది.

జేగో ముఖం వాడిపోయింది. "కొత్త రంగు వేశామనుకుంటారు జడ్జి పాస్కో గారు. అసలే తుప్పును కూడా శంకించే మనిషి! పోటీలోంచి తీసేస్తారు."

"పోనీ, కాస్త మసి పూసేద్దామా?"

"అమ్మా తల్లీ! అప్పుడు నిజంగానే మోసం చేసినట్టవుతుంది."

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "అంత ముద్దుగా కనిపించింది జేగో, రుద్దడం ఆపలేకపోయాను."

అతనికి కోపం నిలవలేదు. పక్కన కూలబడి ట్యాంకును రెండువైపులా చూశాడు. ఆమె ఇంకా ముట్టుకోని కుడివైపు పాత మసక అలాగే ఉంది.

"రేపు ఈ మెరిసే వైపే ఆయనకు ఎదురుగా పెడదాం. అడక్కముందే జరిగింది చెప్పి, తర్వాత రుజువుగా కుడివైపు చూపిద్దాం. చెప్పేది మాత్రం నువ్వే, బంగారం."