రాత్రి షిఫ్టు వారం ఇంగ్లీషు

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడాది, పెళ్లయి ఇరవై రోజులైనా కాకముందే మణిమాలకు భిలాయిలో ఒక శత్రువు దొరికాడు. పేరు సూర్యారావు. ఊళ్లోని సుపేలా పేటలో ఇంగ్లీషు కోచింగ్ సెంటరు ఆయనదే. టీచరు ఉద్యోగం అడగడానికి వెళ్తే, ఒక పాఠం చెప్పి చూపమన్నాడు. ఆమె టిఫిన్ గిన్నె తీసి బల్ల మీద పెట్టింది.

"మనం 'బల్ల మీద' అంటాం, హిందీలో 'టేబుల్ పర్' అంటారు. రెంటిలోనూ వస్తువు పేరే ముందు. ఇంగ్లీషులో అది వెనక్కి పోతుంది, 'ఆన్ ద టేబుల్' అని."

సూర్యారావు పిల్లలందరి ముందూ పగలబడి నవ్వాడు.

"ఏటమ్మా, ఇంగ్లీషు క్లాసులో తెలుగూ హిందీయా? ఇలాటి పాఠాలు మీ ఊళ్లో చెప్పుకో."

కొత్త గాజులు, కొత్త కాపురం, భర్త బలరాం పొట్లం కట్టించి తెచ్చే వేడి జిలేబీ, అన్నీ సంతోషమే. వాటి మధ్యనే పగ కూడా హాయిగా కాపురం పెట్టింది. ఆయన బెంచీలు ఖాళీ చెయ్యాలి, అంతే.

దారి ఊళ్లోని ఉక్కు ప్లాంటే చూపించింది. మగవాళ్లకు రాత్రి షిఫ్టు వారం వస్తే పగలు నిద్ర చెడకూడదని క్వార్టర్లలో తల్లులు పిల్లల్ని బయటికి తరిమేస్తారు. మణిమాల వాళ్లను తన పెరట్లోకి పిలిచింది. ఒక్కొక్కరినీ దాక్కోమని, ఎక్కడున్నారో ఇంగ్లీషులో గుసగుసగా చెప్పమంది. 'బిహైండ్ ద సైకిల్', 'అండర్ ద ట్రీ', 'బిట్వీన్ ద బకెట్స్'.

"ఎక్కడ, ఎప్పుడు, ఎవరితో అని అడిగితే వచ్చే జవాబే ఈ ముక్క," అంది.

నాన్నల షిఫ్టులు మారినా పిల్లలు మానలేదు. దసరా నాటికి ఇరవై తొమ్మిది మందయ్యారు.

ఆ తర్వాత వారం సూర్యారావు ఏడో తరగతి చదివే కూతురు తనూజను వెంటబెట్టుకొచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు.

"సగం బెంచీలు ఖాళీ అయిపోనాయమ్మా. నువ్వొచ్చి నీకు నచ్చినట్టే చెప్పు."

"రాను మాస్టారూ."

ఆయన కూతుర్ని ముందుకు నెట్టాడు. "పోనీ, ఈ పిల్లనైనా చేర్చుకో. నేను చెప్తే ఎక్కడం నేదు."

కుదరదన్న మాట మణిమాల నాలుక చివరిదాకా వచ్చింది. ఈలోగా తనూజ పెరట్లోకి తొంగిచూసి, "ఆంటీ, నేనెక్కడ దాక్కోవాలి?" అంది. అంతకంటే తియ్యటి పగ అప్పుడే తట్టింది.

"చేర్చుకుంటాను. కానీ ఇక్కడ నేర్చుకున్నది రోజూ భోజనాల దగ్గర మీకు చెబుతుంది. మీరు అప్పజెప్పాలి. తప్పు పోతే తనే దిద్దుతుంది."

సూర్యారావు గేటు తీసి కూతుర్ని లోపలికి పంపాడు.

"అలాగేనమ్మా."

ఆ పూట మణిమాల పప్పులో ఉప్పు వెయ్యడం మరిచిపోయింది. ఏమైందని బలరాం అడిగితే, "ఏం లేదండీ, ప్రాణం హాయిగా ఉంది," అంది.