పరదేశమ్మ నీటిపై నిలిచిన వైనము

శరదృతువు తుదిదినములు. వర్షాకాలపు మట్టిరంగును విడిచి తేటపడిన గోస్తనీనది సాగరమున కలియుటకు ముందు విశాలమై మందగమనయై పరచిన వెండిరేకువలె మెరయుచుండెను. సముద్రగర్భము నుండి అప్పుడే వెలువడిన బాలభానుని అరుణకిరణములు ఇసుకతిన్నెల శిరస్సులపై కుంకుమ చిలుకరించుచుండగా, భీమునిపట్టణమునకు చెంతనున్న ఆ నదీముఖమున నిలువులోతు నీటిలో ఒక స్త్రీ వెల్లకిల తేలుచు, పాదములకు వెడల్పైన పలకనొకదానిని బిగించుకొని, తన్ను లాగికొనిపోవలసిన మరపడవ వంక తదేకదృష్టితో చూచుచుండెను.

ఆమె పేరు పరదేశమ్మ. ముప్పదియెనిమిదేండ్ల జాలరి వనిత. కాపురమునకు వచ్చినది మొదలు ఇరువది వత్సరములుగా అత్తగారైన నూకాలుతో కూడి ఒడ్డున నిలిచి పెద్దవల మోకు లాగుటయే ఆమె వృత్తి. ఇటీవల చేప తీరమునకు దూరమై, నెలలో సగము దినములు ఆ వల పాకలోనే పడియుండసాగెను. ఇంతలో నదీముఖమున ఒక జలక్రీడాశాల వెలసెను. పడవ వెనుక త్రాడు పట్టుకొని పలకపై నిలిచి నీటిమీద జారిపోవు వేక్‌బోర్డు అను క్రీడను అచట నేర్పుదురు. ఉత్సాహముతో వచ్చిన స్త్రీలు నీటిలో తమ్ము పట్టుకొని నేర్పువారందరును పురుషులని తెలిసి ఒడ్డునుండియే మరలిపోవుచుండుటచే, నేర్పుటకొక స్త్రీ కావలెనని యజమానులు చాటిరి. పరదేశమ్మ ఎవరి సిఫారసును లేక తానై పోయి అడిగెను. తన కొరకు తాను నోరు విప్పి అడిగిన పని ఆమె జీవితమున అదియే మొదటిది. ఈతలో ఆమెకు సాటిలేదని వారొప్పుకొనిరి. అయినను నేర్పదలచిన మనిషి ముందు తాను నేర్వవలెను గదా! నీటిపై తేలు రెండు ఎర్రని పీపాల నడుమ పడకుండ పోవలెననియు, అందులకు మూడు ఉదయములు గడువనియు నియమము చేసిరి. నేడు మూడవ ఉదయము. రెండు దినములలో ఆమె పడిన పాట్లు నలువదికి తక్కువ గావు.

"మోకాళ్ళు గుండెకానించుకో! సేతులు సాపుంచు! నీకు దణ్ణవెడతాను, తాడు లాగకమ్మా!" అని పడవ వెనుకతట్టున కూర్చుండిన సన్యాసిరావు కేకవేసెను. నౌకాదళమున పనిచేసి విరమించిన ఆయనయే అచటి మాష్టారు.

పడవ కదలెను. త్రాడు బిగిసెను. త్రాడు బిగియుటయే తడవుగా ఆమె మోచేతులు తమంతట తామే ముడుచుకొనెను, నడుము వెనుకకు వాలెను, మడమలు ఇసుకను వెదకుచు క్రిందికి తన్నెను. ఇసుక లేని చోట మడమ తన్నిన ఏమగును? పలక మునిగెను. పరదేశమ్మ బోరగిలపడి గుక్కెడు ఉప్పునీరు మ్రింగెను.

"మళ్ళీ లాగీసినావు!"

"నానేటి లాగలేదు మాష్టారూ!" అని ఆమె ముక్కు చీదుకొనుచు పలికెను.

"లాగలేదా! ఇంకాస్తుంటే నా పడవ ఎనక్కొచ్చీసును. ఇంజన్ను దీనికి కాదు, నీకు బిగించాల!" అని ఆయన నవ్వి, అంతలో తూర్పునకు చూచి గంభీరుడయ్యెను. "గాలి లేస్తంది పరదేశమ్మా. నీళ్ళు రేగిపోతే మరి అవదు. ఇంకొక్కసారే. ఒడ్డుకెళ్ళి ఊపిరి తీసుకో."

ఒడ్డున చేపలతట్ట ప్రక్కన పెట్టుకొని నూకాలు చతికిలబడియుండెను. బజారునకు పోవుచు అచట ఆగిన ఆమె కోడలి సాహసమును తొలినాటి నుండియు గేలిచేయుచునే యున్నది.

"నీళ్ళ మీద నిలబడ్డానికి నువ్వేటైనా కొంగవేటే?"

పరదేశమ్మ అరచేతులను చూచుకొనుచు కూలబడెను. కన్నులు చెమర్చెను. "తాడు బిగిస్తే సేతులూరుకోవత్తా. ఇంక నావల్ల కాదు. ఈ పని నాకు రాసిపెట్టి లేదు."

అత్తగారు తట్టను ప్రక్కకు నెట్టి ఆమె చెంతకు జరిగెను. పిదప మునుపటి ఎగతాళి లేని గొంతుతో, "ఎలగూరుకుంటాయి? లాగడం నానే కదా నేర్పినాను," అనెను. "అది సరే గాని, మనం లాగుతుంటే అవతల వలేటి సేస్తాదే?"

"ఏటి సేస్తాది? వొచ్చెస్తాది."

"కాళ్ళు తన్నుకుంటాదా? తిరగబడి మనల్ని లాగుతాదా?"

"లేదు. బరువుగా, మెల్లగా, పొట్ట నింపుకోని వొస్తాది."

"ఇయ్యేల లాగీది పడవ. నువ్వు వలవి. నోరు మూసుకోని రా, అంతే."

పరదేశమ్మ ఆ ముడుతలుపడిన ముఖమును ఒకసారి పరికించి చూచి, కన్నులు తుడుచుకొని, మరల నీట దిగెను.

పడవ కదలెను. త్రాడు బిగిసెను. ఇరువది యేండ్ల అభ్యాసము భుజముల నుండి మోచేతులకు పరుగెత్తుకొని వచ్చెను. ఆమె దానిని రావద్దని వారింపలేదు. వచ్చినదానిని వచ్చినట్లే పోనిచ్చి, చేతులను రెండు మోకులవలె చాచియుంచి, మోకాళ్ళను గుండెకు చేర్చుకొని, నీరు తన్ను వెనుకనుండి మెల్లగా పైకెత్తుచుండగా జలభారముతో తీరమునకు జరిగివచ్చు వలవలె బరువుగా తొందరలేక కదలెను. పలక నీటి పైకి వచ్చెను. గొంతుకూర్చుండినదల్లా సగము లేచెను. మరికొంత లేచెను. పాదముల క్రింద ఇంతకాలము ఎరిగియున్న నది ఎన్నడు నెరుగని గట్టిదనముతో గరగరమని మ్రోయసాగెను. మొదటి ఎర్రపీపా ప్రక్కగా పోయెను. ఊపిరి బిగబట్టిన పరదేశమ్మ రెండవదానిని చూడనేలేదు.

"దాటీసినావు! దాటీసినావు తల్లీ!" అని సన్యాసిరావు ఎగిరి గంతువేసి పడవనంతయు ఊగించెను. "తాడొగ్గీ! ఒదిలీయమ్మా!"

ఎట్లు ముగింపవలెనో ఆమెకెవ్వరును నేర్పియుండలేదు. అంతవరకు ఆ అవసరమే రాలేదు. పెద్దవల లాగువారిలో బిగిసిన మోకును నడుమ విడిచినవారు లేరు. ఒకరు విడిచినచో ఆ బరువు ప్రక్కవారి భుజములపై పడును. కావున వ్రేళ్ళు విడివడలేదు. పడవ మలుపు తిరుగుచుండెను. ఆమె ఒక్కమారు దీర్ఘముగా శ్వాసించి, చుట్టును చూచి, ఆ బరువు పడుటకు తన ప్రక్కన ఎవ్వరును లేరని గ్రహించి, చేతులు విప్పెను.

త్రాడు ముందునకు పోయెను. పరదేశమ్మ పడలేదు. పలక తన వేగముతో తానే జారిపోవుచుండగా నాలుగైదు క్షణములపాటు ఆమె ఏ ఆధారమును పట్టుకొనక నదిపై నిలిచియుండెను. పిదప ఆమె మోకాళ్ళను, నడుమును, భుజములను వరుసగా నీరు నెమ్మదిగా స్వీకరించెను.

"రేపు ఏడింటికి ఇద్దరు టీచరమ్మలొస్తన్నారు. నీళ్ళలో దింపీది నువ్వే!" అని మాష్టారు కేకవేసెను. ఒడ్డున నూకాలు తట్టను మరచి, కోక తడియుచున్నదను తలంపైన లేక నడుములోతున నిలిచి ఏమో అరచుచుండెను.

బరువును లాగుట నేర్చినవారికి తమ్ము నీరు మోయునని నమ్ముట కడు కష్టమైన విద్య. పరదేశమ్మ ఆ ఉదయమున దానిని నేర్చి, వ్రేళ్ళన్నియు విప్పారి నీటిపై తేలుచున్న తన రిక్తహస్తములను చూచుకొని, పకపక నవ్వెను.