ఏడాది నిండని మద్దెల

అక్షర దోషాలు కనిపిస్తే మన్నించండి. అరవై దాటాక ఇక్కడి తెలుగు సంఘం వారి శనివారం బడిలో పలక పట్టాను. ఒక్కో మాటా కూడబలుక్కుని రాస్తాను కనుక ఈ కాస్త రాయడానికే చాలా రోజులు పట్టింది.

ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే నాకూ మునియ్యకూ పెళ్లయింది. ఆయన ద్రాసాలో చెరకు సాగు చేసేవారు, రామభజనలో మద్దెల వాయించేవారు. ఆయన పోయాక మద్దెలకు తెల్లగుడ్డ చుట్టి పెట్టాను. వాయించే మనిషి పోతే ఏడాది నిండేదాకా ఆ మద్దెల మీద దెబ్బ పడకూడదని మా భజన వాళ్ల ఆచారం. పడితే పోయినవారికి నెమ్మది ఉండదంటారు.

ఏడాది నిండకుండానే మనవరాలు శోభన వచ్చి అడిగింది. లౌటోకా క్లబ్బులో టికెట్ లేని సంగీతమట. పాటలుండవట, కొత్తరకం చప్పుళ్లట.

"ఆజీ, ఆజా మద్దెల ఇయ్యి. కొట్టను, కసమ్."

"కొట్టకుండా ఏం వాయిస్తావే?"

"వచ్చి చూడు."

ఇచ్చాను. మనసు ఊరుకోక వెంట వెళ్లాను.

భజన పెద్ద సన్యాసి వెనక బల్ల దగ్గర స్నేహితులతో యాంగోనా, అదే వేరు దంచి కలిపిన మత్తునీళ్లు, తాగుతున్నాడు.

"వదినా, తాగేచోటికి మద్దెల తెచ్చినారా?"

"నువ్వు చేసేదేంటి మరిదీ?"

"ఇది వేరు నీళ్లు. దీనికి పాపం లేదు."

ముందు ఒకతను గిటారును బల్లమీద పడుకోబెట్టి తీగలను ఇనుపముక్కతో గీకాడు.

"మిల్లు గేటు తీసినట్టుంది," అన్నాడు సన్యాసి. "ఫ్రీ కాకుంటే ఎవడొస్తాడు?"

తరవాత శోభన నేలమీద కూర్చుని గుడ్డ విప్పింది. మైకు దగ్గరగా పెట్టి, అరచేత్తో మద్దెల తోలును గుండ్రంగా రుద్దసాగింది. దెబ్బ పడలేదు. స్పీకర్లలోంచి పొడుగాటి ఊపిరి వచ్చింది.

అది ఆయన ఊపిరే. ఆసుపత్రిలో చివరి రోజున విన్నది. పిల్ల చెయ్యి నెమ్మదించింది. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగింది. చెయ్యి ఆగింది. ఆనాడు ఆయన ఊపిరీ ఇలాగే ఆగింది. అయిపోయిందని నాకెవరూ చెప్పలేదు. ఇంకొక ఊపిరి కోసం మంచం పక్కనే కూర్చున్నాను.

క్లబ్బులో పిల్ల చెయ్యి ఇంకా తోలుమీదే ఉంది. అప్పుడే సన్యాసి కొబ్బరిచిప్ప ఖాళీ చేశాడు. యాంగోనా తాగాక చేతులు దొప్పచేసి మూడుసార్లు చరచడం ఇక్కడి మర్యాద. చరిచాడు. సంగీతం అయిపోయిందనుకుని జనమంతా చప్పట్లు కొట్టారు. శోభన తెల్లబోయి గుడ్డ చేతిలోకి తీసుకుంది.

మళ్లీ ఆ తెల్లగుడ్డ చుట్టడం నేను చూడలేకపోయాను.

"ఉండవే," అని లేచి వెళ్లి, పిల్ల పక్కన కూలబడ్డాను.

"వదినా! ఏడాది కాలే!" సన్యాసి అరిచాడు.

"ఆ ఏడాది మోస్తున్నది నేను, మరిదీ."

కొట్టాను. జన్మలో మద్దెల వాయించని చెయ్యి, తాళం లేదు. మళ్లీ కొట్టాను. ఆసుపత్రిలో రాని ఏడుపు అప్పుడొచ్చింది. శోభన రెండో వైపు చెయ్యి ఆనించి, నా దెబ్బ వెంట దెబ్బ వేసింది. సన్యాసి వెళ్లిపోయాడు.

సంవత్సరీకానికి వచ్చి భోంచేశాడు గాని, మద్దెల వైపు చూడలేదు. భజన వాళ్లు మాతో ముభావంగానే ఉన్నారు. మా ఆయనకు నెమ్మది చెడిందేమో నాకు తెలియదు. ఇంకొక ఊపిరి కోసం కూర్చోవడం మాత్రం నేను మానేశాను.

బాలమ్మ, అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు ఉంటున్నది లౌటోకా దగ్గర నటబువాలో, కొడుకు ఇంట్లో.