మెడ తోమని మరమేకు

నేను ఒక మరమేకును. టైటానియంతో చేశారు, పొడవు చిటికెన వేలి గోరంత. తలుపులకూ కుర్చీలకూ పోయే నా జాతివాళ్ళు నన్ను చూసి కుళ్ళుకుంటారు గానీ, నా బతుకేమీ కులాసాగా గడవలేదు. కాకినాడలో ఒక పళ్ళ డాక్టరు నన్నూ నా తమ్ముణ్ణీ భద్రాయమ్మగారి కింది దవడ ఎముకలో బిగించాడు. ముప్పై ఏళ్ళు బడిపిల్లలకు వండిపెట్టిన మనిషి ఆవిడ. మా తలలమీద పళ్ళ సెట్టు టక్కున కూర్చునేది. ఆవిడ జంతిక కొరికితే పక్కింటికి వినబడేది. నాలుగేళ్ళు మాకు రాజభోగమే.

తర్వాత పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యీ మాటా రెండూ పోయాయి. మంచం పట్టినవాళ్ళను చూసుకునే ఆశ్రమంలో చేర్చారు. అక్కడ పెద్ద ఆయా సలోమి. పనిలో వంక పెట్టడానికి లేదు. రోజూ సాయంత్రం పళ్ళ సెట్టు తీసి, కడిగి, గిన్నెలో నీళ్ళు పోసి భద్రంగా ఉంచేది. చిగుళ్ళలోంచి తొంగిచూసే మమ్మల్ని మాత్రం తాకేది కాదు.

"డాక్టరుగారు బిగించినయ్యి. మనం ముట్టుకుంటే వదులైపోతాయి," అని తోటి ఆయాలకూ చెప్పేది. ఎవరైనా నన్ను సుత్తితో కొట్టినా ఓర్చుకునేవాణ్ణి గానీ, ఆ మర్యాదను ఓర్చుకోలేకపోయాను.

మెతుకులు నా మెడచుట్టూ పేరుకున్నాయి. చిగురు వాచి చీము పట్టింది. కింద ఎముక కరిగిపోతున్న సంగతి నాకు తెలుస్తూనే ఉంది. చెబుదామంటే నాకు నోరు లేదు, నోరున్నావిడకు మాట లేదు. చెంచా దగ్గరికి రాగానే భద్రాయమ్మగారు పెదాలు బిగించేవారు. ఆవిడ మొండికేస్తున్నారనుకున్నారు ఆశ్రమంవాళ్ళు. సోమవారం ముక్కులోంచి గొట్టం వేసేస్తామన్నారు. ఇక నోటితో తినడమన్నది ఉండదు. నాకు గుండె లేదు కాబట్టి సరిపోయింది, ఉంటే ఆగిపోయేదే.

ఆదివారం పొద్దున సలోమి పాలగ్లాసు తెచ్చింది. "రెండు గుక్కలు తాగండి మామ్మగారూ. రేపు గొట్టం ఏసేత్తారు. నా మాట ఇనండి."

భద్రాయమ్మగారు ఎడంచేత్తో గ్లాసు లాక్కున్నారు. పాలు దుప్పటి పాలయ్యాయి. ఖాళీ గ్లాసు ఒళ్ళో ఇరికించుకుని, పైటచెంగుతో దాని అంచు కింద గుండ్రంగా రుద్దారు. ఆపకుండా రుద్దారు. జిడ్డంతా అంచు కిందే ఉంటుందని బడిలో గిన్నెలు తోమేవాళ్ళకు రుద్ది చూపించీ చూపించీ అలవాటైన చెయ్యి అది. తర్వాత అదే చేత్తో తన దవడ చూపించారు.

సలోమి టార్చి వేసి చూసింది. "నా చేతులారా చేశానండి మామ్మగారూ," అని మంచం పక్కనే కూలబడి ఏడ్చింది.

పళ్ళ డాక్టరు వచ్చేసరికి నేను ఊగుతున్నాను. కాస్త తిప్పగానే ఊడివచ్చాను. తమ్ముడు గట్టిగానే ఉన్నాడని, రోజూ శుభ్రం చేస్తూ ఒక నెల చూద్దామన్నాడు. గొట్టం సంగతి కూడా అప్పటిదాకా ఆపారు.

ఇప్పుడు నేను ఆయాల గదిలో మందుసీసాలో ఉంటున్నాను. కొత్తగా చేరినవాళ్ళకు సలోమి నన్ను చూపిస్తుంది. "ఇదుగో, దీని మెడ తోమాలి. మెత్తటి బ్రష్షుతో, రెండుపూటలా. ముట్టుకోకపోతేనే ఊడిపోద్ది."

గొప్పకేం లోటు లేదు. నా దిగులంతా గోడ అవతల మంచం మీద. భోజనం వేళకు ఇక్కణ్ణుంచే వింటాను. ఇవాళ పళ్ళెం చప్పుడైంది, "నోరు తెరవండి మామ్మగారూ" అన్న మాటా వినబడింది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

పళ్ళ సెట్టు టక్కుమంది. తమ్ముడు నిలిచాడు, ఈ పూటకి.