ఇరవై అంటే ఎంత?

నెత్తిన నిప్పులు పోసినట్టుంది అని జీవితంలో చాలాసార్లు అని ఉంటాను. ఆ మాటకు అసలు అర్థం మాత్రం మా చిన్నదాని పార్లర్‌లో, మెడ చుట్టూ ప్లాస్టిక్ గుడ్డ కట్టించుకుని కూర్చున్నప్పుడే తెలిసింది.

"మండుతోందే! కడుగు, కడుగు ముందు!" అని అరిచాను.

చిన్నది నన్ను సింకు దగ్గరకు లాక్కెళ్ళి తల మీద చన్నీళ్ళు వదిలింది. తల నీళ్ళ కింద ఉంది గానీ నా నోరు ఊరుకోలేదు. ఊరుకోవడం దానికి అలవాటు లేదు.

"పదో తరగతి లెక్కల్లో తప్పినదాని చేతికి తల అప్పగించాను చూడు, నాకుండాలి బుద్ధి! లెక్క రాదు, కొలత రాదు, బోర్డు మాత్రం పెట్టేసింది. మీ అక్క కాలిగోటికి సరిపోవే నువ్వు!"

గోడవార సోఫాలో ఇద్దరు కూర్చుని వింటున్నారని నాకు తెలుసు. తెలిసే అన్నాను. వాళ్ళలో ఒకామె పక్క వీధి బడిలో టీచరు. మొదటిసారి వచ్చింది. పని నచ్చితే తోటి టీచర్లందరినీ తీసుకొస్తానని కాసేపటి క్రితమే చిన్నదానితో అంది. షాపు తెరిచిన దగ్గర్నుంచీ ఖాళీ కుర్చీలు తుడుచుకుంటున్న పిల్లకు అది వరంలాంటి మాట. ఇప్పుడామె లేచి బ్యాగు తగిలించుకుని, "మళ్ళీ వస్తానమ్మా" అంది. రెండో ఆమె ఆ మాట కూడా అనకుండా వెనకాలే వెళ్ళిపోయింది.

చిన్నది వాళ్ళ వైపు తిరగలేదు. నా మాడు మీద నీళ్ళు పోస్తూ, "ఇంకా మండుతోందా అమ్మా?" అని అడిగింది.

నిజానికి నేను అక్కడికి వెళ్ళింది పెద్దదాని కోసమే. అది నీళ్ళు పరీక్షించే ల్యాబులో కెమిస్టు. వచ్చే వారం ఆఫీసులో దానికి సన్మానం. ముందు వరసలో కూర్చోబోయే తల్లిని కదా, జుట్టుకున్న పాత నల్లరంగు తీయించి కాస్త గోధుమ రంగు వేయించుకుందామనుకున్నాను. చిన్నది ముందు చెవి వెనక మందు చుక్క పెట్టి, పడుతుందో లేదో చూస్తానంది. "ఆ వేషాలన్నీ బయటివాళ్ళ దగ్గర, నాకంత తీరిక లేదు" అని కసిరాను.

చిన్నది ఫోన్ చేసిందేమో, వెనక వీధిలోనే ఉన్న ల్యాబు నుంచి పెద్దది మెడలో కార్డుతోనే పరుగెత్తుకొచ్చింది. "చూడవే, నీ చెల్లెలి నిర్వాకం!" అని తల చూపించబోయాను. అది నా తల చూడలేదు. బల్ల మీదున్న గోధుమరంగు సీసా చూసింది. దాని మీద చీటీ అంటించి పెద్దగా 20 అని రాసి ఉంది. ఆ రాత పెద్దదానిది. వందమందిలో ఉన్నా గుర్తుపడతాను.

"ఇందులోదే కలిపావా?" అని అడిగింది.

"అవునక్కా. రంగు తీసే మందులో కలపడానికి మా పెరాక్సైడ్ సరుకు రాలేదని అడిగితే నువ్విచ్చిందే."

"నువ్వు ఇరవై కావాలన్నావు."

"మేం అలాగే అంటాం అక్కా. ఇరవై, ముప్పై, నలభై. ఏ షాపులో అడిగినా అంతే."

పెద్దది కుర్చీలో కూలబడింది. "అది శాతం కాదే. వాల్యూమ్. ఒక లీటరు మందులోంచి ఇరవై లీటర్ల ఆక్సిజన్ వస్తుందని లెక్క. శాతంలోకి మారిస్తే ఆరు. నేను ఇరవై శాతం కలిపి ఇచ్చాను. ఉండాల్సినదానికి మూడింతలు దాటింది."

సీసా మీది చీటీని గోటితో గీకుతూ పెద్దదే మళ్ళీ అంది. "పొద్దస్తమానం నా పని అదే కదమ్మా. ఒక కొలతని ఇంకో కొలతలోకి మార్చడం. ఏ ఇరవై అని ఒక్క మాట అడగాల్సింది. పార్లర్ మందేగా అని అడగలేదు."

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎటు తిరిగినా అద్దమే.

"సీసా అక్కదని నాకెందుకు చెప్పలేదే?" అని చిన్నదాన్ని అడిగాను.

అది నా మాడుకి మందు రాస్తూనే, "చెప్తే నమ్మేదానివా?" అంది. కోపంగా కూడా అనలేదు.

నమ్మేదాన్ని కాదు. అక్క బంగారంలాంటి మందిస్తే నువ్వే తగలేశావు అనేదాన్ని. ఆ మాటలు నా నాలుక మీద సిద్ధంగా ఉంటాయని దానికి తెలుసు. సిగ్గుతో చచ్చిపోయాను.

"డాక్టరు దగ్గరికి వెళ్దాం, లే అమ్మా" అంది పెద్దది.

"ఉండండి, ఇప్పుడే వస్తాను" అని మెట్లు దిగాను. ఎదురుగా బస్‌స్టాప్‌లో ఆ టీచరు ఇంకా నిలబడే ఉంది. నెత్తిన తడి తువాలు, మెడకు ప్లాస్టిక్ గుడ్డ, అదే అవతారంలో రోడ్డు దాటాను.

"టీచరమ్మా, ఇందాక నోరు జారాను. మా చిన్నదాని తప్పేం లేదండీ" అన్నాను. అంతవరకూ బాగానే వచ్చింది.

"మరెవరిదండీ?" అందామె.

మా పెద్దదానిది అనడానికి నోరు తెరిచాను. సన్మానం, శాలువా, ముందు వరసలో కుర్చీ కళ్ళముందు తిరిగాయి. "అదీ... సరుకమ్మినవాళ్ళదండీ. కల్తీ మందు అంటగట్టారు" అనేశాను.

"అలాంటి సరుకు వాడే చోటికి మా వాళ్ళనెలా తీసుకురమ్మంటారు చెప్పండి?" అందామె మెల్లగా. బస్సు వచ్చింది. ఎక్కేసింది.

వెనక్కి తిరిగేసరికి చిన్నది నా చెప్పులు పట్టుకుని నిలబడి ఉంది. ఉత్త కాళ్ళతో వచ్చేశానని అప్పటిదాకా నాకే తెలియదు. అంతా విన్నదని దాని మొహం చూస్తే తెలిసిపోయింది. తిట్టినా బాగుండేది. నాలుగు మాటలు అననీ, పడతాను అనుకున్నాను.

అది వంగి చెప్పులు నా కాళ్ళ దగ్గర పెట్టింది. "వేసుకోమ్మా, రోడ్డు కాలుతోంది" అంది.

చెప్పుల్లో కాళ్ళు పెట్టుకున్నాక కూడా తల ఎత్తలేకపోయాను.